మీ నాన్నగారికి ఎన్ని ఎకరాలు?

ఇది గొలుసు పట్టుకుని పొలం గట్టు మీద నిలబడ్డ సర్వేయరు అడిగిన ప్రశ్న కాదు. పంట లోను రాసే బ్యాంకు మేనేజరు అడిగిందీ కాదు. హైదరాబాదులో, అద్దాల మేడలో, ఎనిమిదో అంతస్తులో, కంప్యూటరు ప్రోగ్రాములు రాసే కొలువు కోసం పోయిన కుర్రవాణ్ణి ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న. అడిగినాయన మెడలో కంపెనీ ట్యాగు వేలాడుతోంది. జవాబు చెప్పాల్సినవాడు ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నా దగ్గర లెక్కలు నేర్చుకున్న మాదిగ పిల్లగాడు. నేను ఆ మేడ కింద, రోడ్డుకవతల చాయ్ బండి దగ్గర, బడికి సెలవు పెట్టి వచ్చి కూర్చున్నాను.

కంపెనీ పేరు రాయను. రాస్తే ఆ ఒక్కటే చెడ్డదని, తక్కినవన్నీ తులసి వనాలని అనుకుంటారు. పిల్లగాడి పేరూ రాయను. వాడు ఇంకా ఇంటర్వ్యూలకు తిరుగుతున్నాడు.

వాడి తండ్రి ఇటుక బట్టీలో పనిచేస్తాడు. తల్లి కూలికి పోతుంది. జిల్లా పరిషత్ హైస్కూలు, తెలుగు మీడియం. పదిలో మా బడికి మొదటివాడు. ఇంటర్ రెండో ఏడు పత్తి ఏరే కాలంలో తండ్రి లారీ మీంచి పడి కాలు విరిగింది. ఇల్లు గడవాలి గదా, వాడు మూడు నెలలు పత్తి చేలల్లోకి పోయాడు. ఆ మూడు నెలలు వాడి మార్కుల మెమోలో 58 శాతంగా అచ్చయి ఉన్నాయి. తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంటుతో హైవే పక్క కాలేజీలో బీటెక్, కంప్యూటర్ సైన్సు, 71 శాతం. తొమ్మిది కంపెనీలకు దరఖాస్తు పెట్టుకుంటే తొమ్మిదీ ఆ 58 దగ్గరే వాణ్ణి ఆపేశాయి.

'అరవై త్రూఔట్' అనే మాట మన వాడల్లో బీటెక్ చదివే ప్రతి పిల్లకూ తెలుసు. పదిలో అరవై, ఇంటర్లో అరవై, బీటెక్‌లో అరవై. నడుమ ఖాళీ ఏడు ఉంటే ఎందుకుందో చెప్పాలి. ఇంట్లో చావు జరగకూడదు, కాలు విరగకూడదు, కరువు రాకూడదు, అక్క పెళ్లి అప్పు కాకూడదు. పదిహేనో ఏట నుంచి ఇరవై రెండో ఏట దాకా ఏ అరిష్టమూ తాకని ఇళ్లు ఎవరివి? వాళ్లకోసం రాసిన నిబంధన ఇది. కులం అనే మాట అందులో ఎక్కడా లేదు. ఉండక్కర్లేదు. ఊరి బావికి కూడా బోర్డు ఎవరూ కట్టలేదు.

ఇంటర్లో వచ్చిన ఫిజిక్సు మార్కుకీ, ఇరవై రెండో ఏట రాయాల్సిన జావా ప్రోగ్రాముకీ ఏం సంబంధం అని అడిగితే మన దేశంలో నవ్వుతారు. ఈ ప్రశ్ననే అమెరికాలో నల్లవాళ్లు అడిగి గెలిచారు. నార్త్ కరోలినా రాష్ట్రంలో డ్యూక్ పవర్ అనే కరెంటు కంపెనీ. దాని డాన్ రివర్ ప్లాంటులో నల్లవాళ్లను లేబరు విభాగంలో తప్ప ఇంకెక్కడా పెట్టుకునేవాళ్లు కాదు. కొలువుల్లో వివక్ష చెల్లదన్న చట్టం 1965 జూలై 2న అమల్లోకొచ్చింది. సరిగ్గా ఆ రోజే కంపెనీ కొత్తగా చేరేవాళ్లకు రెండు పరీక్షలు పెట్టింది. లేబరు పని నుంచి పైకి రావాలంటే హైస్కూలు సర్టిఫికెట్టు కావాలంది. చూశారా తెలివి! నిన్నటిదాకా రంగు చూసి ఆపారు, ఇవాళ కాగితం చూసి ఆపుతున్నారు. ఆ కాగితం లేని తెల్లవాళ్లు అంతకుముందే చేరి అవే పనులు బాగానే చేసుకుంటున్నారు. పదమూడు మంది నల్ల కార్మికులు కోర్టుకెక్కారు. 1971లో అక్కడి సుప్రీంకోర్టు ఒక్క గొంతుతో తీర్పు చెప్పింది. కంపెనీ మనసులో ఏముందన్నది కాదు లెక్క. పనితో సంబంధం లేని పరీక్ష ఒక జాతిని బయట నిలబెడితే అది వివక్షే అని. ఆ సూత్రాన్ని 1991లో చట్టంలోకీ ఎక్కించారు. (2025 ఏప్రిల్లో ట్రంప్ ఈ సూత్రం మీద ప్రభుత్వం తరఫున కేసులు నడపడం తగ్గించమని ఉత్తర్వు ఇచ్చాడు. అక్కడి దొరలకూ నొప్పి అక్కడే ఉందన్నమాట.)

మన దగ్గర ప్రైవేటు కంపెనీని ఈ మాట అడగడానికి చట్టమే లేదు. రాజ్యాంగం 16వ అధికరణం సర్కారు కొలువు గడప దగ్గర ఆగిపోతుంది.

పదో కంపెనీకి ఆ అరవై షరతు లేదు. అందుకే పోయాడు.

మొదటి రౌండు ఆన్‌లైన్ పరీక్ష. ఇంట్లోనే కూర్చుని రాయాలి. కంప్యూటరు కెమెరా మనల్ని చూస్తూ ఉంటుంది. గదిలో ఇంకో మనిషి కనపడకూడదు. చప్పుడు వినపడకూడదు. చూపు పక్కకు పోకూడదు. నెట్టు ఆగకూడదు. ఒక్క గది ఇంట్లో తండ్రి, తల్లి, చెల్లె, ముసలమ్మ, దడి అవతల మైకు సెట్టు. వీటన్నిటినీ ఏ పెట్టెలో పెట్టి తాళం వేయాలి? వాడు మా ఇంటికి వచ్చి రాశాడు. మా చిన్నది తలుపు తోసి 'అన్నా' అని తొంగి చూస్తే కంప్యూటరు ఎర్రగా హెచ్చరిక చూపించింది. ఇంకొకసారి జరిగితే పరీక్ష రద్దట. నాకు రెండు గదులున్నాయి కాబట్టి వాడు పాసయ్యాడు. ఎవరి తెలివిని కొలిచింది ఆ పరీక్ష? సగం నా ఇంటి గోడల్ని కొలిచింది.

రెండోది కోడింగు. అక్కడ ఎవరి గోడలూ అక్కర్లేదు, బుర్ర చాలు. ఒక వరసలో బ్రాకెట్లు ఇస్తారు, తెరిచినవన్నీ సరిగ్గా మూసుకున్నాయో లేదో ప్రోగ్రాము చెప్పాలి. స్టాక్ అనే పద్ధతిలో చెయ్యాలట. నేను లెక్కల మాస్టరునే గాని కంప్యూటరు నాకు అంతంత మాత్రం. వాడే నాకు వివరించాడు. 'ఇటుకల దొంతర సార్. ఆఖర్న పెట్టింది మొదలు తియ్యాలె. తెరిచిన బ్రాకెట్ వస్తే ఇటుక పెడుత, మూసింది వస్తే పై ఇటుక తీసి జోడు కుదిరిందా చూస్త. ఆఖరికి దొంతర ఖాళీ అయితే లెక్క సరి.' ఇరవై ఏళ్లుగా బ్రాకెట్లు చెబుతున్నాను, ఇంత తేటగా నేనెప్పుడూ చెప్పలేదు. బట్టీలో తండ్రి వెంబడి ఇటుకలు మోసినవాడికి వచ్చిన తెలివి అది. దాన్ని ఏ మెమోలో రాస్తారు?

పాసయ్యాడు. మూడో రౌండు టెక్నికల్, ఫోన్లోనే. అదీ పాసయ్యాడు. ఆఖరిది హెచ్‌ఆర్ రౌండు, మనిషి స్వయంగా రావాలన్నారు. వాళ్ల అమ్మ ఆ రాత్రి మా ఇంటికొచ్చి గడప బయటే నిలబడి 'సారూ, ఇగ కొలువు ఒచ్చినట్టేనా?' అంది. నేను 'ఒచ్చినట్టేనమ్మా, ఆఖరిది ఉత్త మాటలే' అన్నాను. ఇరవై ఏళ్లుగా సభల్లో మాట్లాడుతున్నవాణ్ణి, ఉత్త మాటలే అన్నాను!

ఇప్పుడొకటి చెప్పాలి. ఇది రాయడానికే చాలా రోజులు వెనకాడాను. ముందురోజు రాత్రి నేను వాడికి ఇంటర్వ్యూ నేర్పించాను. నేనే పెద్దసారు, వాడు అభ్యర్థి. 'నీ హాబీ ఏంటి?' అని అడిగాను. వాడు ఆలోచించలేదు. 'డప్పు' అన్నాడు. నిజమే. వాడి చేతిలో డప్పు మాట్లాడుతుంది. ఏప్రిల్ 14కి మా మండలంలో ఊరేగింపు ముందు నడిచేది వాడి దరువే. నేను ఒక్క క్షణం ఆగి, 'వద్దు, క్రికెట్ అని చెప్పు' అన్నాను.

వాడు నా మొఖం చూశాడు. 'సరే సార్' అన్నాడు. అంతే. ఎన్ని వేదికల మీద డప్పు మన ఆత్మగౌరవం అని గొంతు చించుకున్నానో, ఆ గొంతే అన్నది ఆ మాట.

కొందరు మిత్రులకు ఈ సంగతి చెబితే 'తప్పు చేశావు' అన్నారు, కొందరు 'లోకం అట్లుంది, మంచి పనే చేశావు' అన్నారు. నాకు బాబాసాహెబ్ బరోడా గుర్తుకొచ్చింది. కొలంబియాలో, లండన్లో చదివి వచ్చినవాడు 1917లో బరోడా సంస్థానంలో కొలువుకు పోతే తల దాచుకోవడానికి చోటు దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకుని దిగాల్సి వచ్చింది. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చారు. కాబట్టి దాచుకోవడం మన పిరికితనం అని మనల్ని మనం తిట్టుకునే ముందు, దాచకపోతే కర్రలు పట్టుకొచ్చేది ఎవరో చూడాలి. అయినా నా మాట నన్ను వదలడం లేదు. ఎందుకంటే దాచినా లాభం లేకపోయింది. వాళ్లకు హాబీ అక్కర్లేదు, ఆచూకీ కావాలి.

ఆ గదిలో ఇద్దరున్నారట. మొదటి పది నిమిషాలు అన్నీ ఇంగ్లీషులోనే. నీ గురించి చెప్పు, నీ ప్రాజెక్టు గురించి చెప్పు, ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటావు. (ఈ ఆఖరి ప్రశ్న అడిగేవాళ్లు ఐదేళ్ల తర్వాత తమ కంపెనీ ఎక్కడుంటుందో చెప్పగలరా?) వీడు తడబడకుండా చెప్పాడు. మధ్యలో ఒకాయన 'షెడ్యూల్' అనే మాటను వీడెట్లా పలికాడో అట్లాగే పలికి పక్కాయనతో నవ్వాడట. ఇంగ్లీషు వాడి నాయినదీ కాదు, వీడి నాయినదీ కాదు. కానీ వాడికి తాత కాలం నుంచి కాన్వెంటు ఉంది. మన సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియం అనగానే తెలుగు తల్లి చచ్చిపోతోందని పత్రికల్లో కన్నీరు కార్చే పెద్దమనుషుల పిల్లలు ఏ మీడియంలో చదివారో ఎప్పుడైనా వాకబు చేశారా?

తర్వాత ఫైలు చూస్తూ ఉన్నట్టుండి తెలుగులోకి దిగాడట. 'ఏ ఊరు మీది?' చెప్పాడు. 'అక్కడ మాకు తెలిసినవాళ్లున్నారు. మీ ఇల్లు ఎక్కడ?' చెప్పాడు. 'మీ ఇంటిపేరేంటి?' ఫైలు మీద అక్షరం ఒక్కటే ఉంది, విప్పి చెప్పాడు. ఆ ఇంటిపేరు అటూ ఇటూ ఇద్దరికీ ఉంటుంది, తేల్చుకోలేకపోయినట్టున్నారు. 'మీ నాన్నగారు ఏం చేస్తారు?' వీడు 'వ్యవసాయం' అన్నాడు. అదీ నేను నేర్పిందే. అప్పుడొచ్చింది: 'మీ నాన్నగారికి ఎన్ని ఎకరాలు?'

వీడికి అబద్ధం ఆడటం రాదు. 'భూమి లేదండి. బట్టీల పని చేస్తడు' అన్నాడు.

'ఓహో. మరి నీ ఫీజు ఎవరు కట్టారు?'

గమనించారా? 'మీ' పోయి 'నీ' వచ్చింది. 'నాన్నగారు' మళ్లీ ఆ గదిలో వినపడలేదట. ఒక్క ఎకరం లేకపోతే 'గారు' ఎగిరిపోయింది. 'రీయింబర్స్‌మెంటు' అన్నాడు. ఇద్దరూ ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. 'ఓకే, ఏమైనా అడగాలా?' అని మళ్లీ ఇంగ్లీషులోకి ఎక్కారు. హాబీ ఏమిటని అసలు అడగనే లేదు.

ఊరు, ఇల్లు, ఇంటిపేరు, తండ్రి, ఎకరాలు, ఫీజు. ఆరు ప్రశ్నలు. కులం అనే మాట ఒక్కసారి కూడా రాలేదు. పోలీసు విచారణ ఇంకెట్లా ఉంటుంది? ఇదంతా బ్రాకెట్ల లెక్కకు దేనికి?

పదకొండు రోజులకు మెయిలు వచ్చింది. నాలుగు వరసలు. మీ ఆసక్తికి కృతజ్ఞతలు, వేరే అభ్యర్థులతో ముందుకు పోతున్నాం, మీ భవిష్యత్తు బాగుండాలి. ఎన్ని మార్కులు వచ్చాయి, ఎవరికి ఎన్ని వచ్చాయి, ఎక్కడ తప్పాడు? ఏమీ లేదు. దానికి జవాబు రాస్తే చేరదు, అది మనిషి లేని చిరునామా.

నేను 2008 డీఎస్సీ మనిషిని. పరీక్ష రాశాను. నా మార్కులు, ర్యాంకు, రోస్టరు పాయింటు జిల్లా విద్యాశాఖ ఆఫీసులో గోడకు అంటించారు. మా అమ్మకు చదువు రాదు, పక్కింటి పిల్లతో చదివించుకుంది. అక్కడా లొసుగులుంటాయి, కోర్టు కేసులుంటాయి, ఏళ్లకు ఏళ్లు సాగదీస్తారు. కానీ నన్ను ఎవడూ ఎన్ని ఎకరాలని అడగలేదు. ఇవాళ సర్కారు పరీక్షలో నా జవాబు పత్రం నాకు చూపించమని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు, 2011లో సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది. ప్రైవేటు కంపెనీని ఏ చట్టం కింద అడగాలి? 'మీ భవిష్యత్తు బాగుండాలి' అనే దీవెన కింద అడగాలా?

ఒక పిల్లగాడి కథ చూసి అందరినీ అంటే ఎట్లా అంటారని తెలుసు. సరే. లెక్కలు చెప్పేవాణ్ణి, లెక్కలోకే వస్తాను. 2005 అక్టోబరు నుంచి 66 వారాల పాటు సుఖదేవ్ థోరాట్, పాల్ అటివెల్ అనే ఇద్దరు ఆచార్యులు ఒక పని చేశారు. ఇంగ్లీషు పత్రికల్లో వచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు ఒకటే, అనుభవం ఒకటే. పేర్లు మాత్రం వేరు. ఒకటి పైకులం పేరు, ఒకటి దళిత పేరు, ఒకటి ముస్లిం పేరు. పైకులం పేరుకు పిలుపు వచ్చే అవకాశాన్ని వందగా పెట్టుకుంటే దళిత పేరుకు 67, ముస్లిం పేరుకు 33. ఇంటర్వ్యూకి పోకముందే, మొఖం చూడకముందే, షెడ్యూల్ అనే మాట పలకకముందే! ఇది 2007లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో అచ్చయింది. అదే ఏడు అదే పత్రికలో సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఇద్దరూ ఢిల్లీ పెద్ద కంపెనీల్లో హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడి రాశారు. కులం చూస్తారా అంటే అబ్బే, ప్రతిభే చూస్తాం అన్నారు. మరి ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు అంటే కుటుంబ నేపథ్యం అడుగుతాం అన్నారు. ఆ రెండు మాటలకూ పొత్తు కుదరదని వాళ్లకు అనిపించలేదు. మా ఎనిమిదో తరగతి పిల్లలకైనా అనిపించేది.

పోనీ ఈ ఇంటర్వ్యూలు మంచి పనివాణ్ణి పట్టిస్తాయా? గూగుల్‌లో మనుషుల్ని చేర్చుకునే విభాగానికి పెద్దగా ఉన్న లాస్లో బాక్ 2013లో న్యూయార్క్ టైమ్స్‌కు చెప్పాడు. వేలకు వేల ఇంటర్వ్యూలు తీసి, అందులో ఎవరు ఎన్ని మార్కులు వేశారు, ఆ మనిషి తర్వాత ఎట్లా పనిచేశాడు అని పోల్చి చూస్తే రెండింటికీ పొంతనే లేదట. చిక్కు ప్రశ్నలు వేయడం ఉత్త దండగ అనీ అన్నాడు. అడిగేవాడికి తాను తెలివైనవాణ్ణని తృప్తి తప్ప ఫలం లేదని వాళ్ల ఇంటి మనిషే చెబుతున్నాడు. మరి దీన్నే ప్రతిభ అని మన నెత్తిన రుద్దేది ఎందుకు?

ప్రతిభ! 1990లో మండల్ వచ్చినప్పుడు పైకులాల పిల్లలు నడిరోడ్డు మీద బూట్లు పాలిష్ చేసి, చీపుర్లు పట్టి ఊడ్చి నిరసన తెలిపారు. మా బతుకు ఇట్లా అయిపోతుందని. మన తాతల వృత్తి వాళ్లకు తిట్టు! ఆ పిల్లల్లో ఎందరో ఇవాళ అటువంటి గదుల్లో టేబులుకు అవతలి పక్క కూర్చుని ఉంటారు. వాళ్ల ప్రతిభ సంగతి తెలియదా మనకు? ఇంజనీరింగు కాలేజీల్లో మేనేజ్‌మెంటు కోటా సీటు డబ్బు సంచితో కొన్నది ప్రతిభ. అమీర్‌పేటలో మూడేళ్ల దొంగ అనుభవం కాగితం కొనుక్కుని పోయి చేరింది ప్రతిభ. బావమరిది తన కంపెనీలో దరఖాస్తు లోపలికి తోస్తే దాని పేరు రెఫరల్, అట్లా తోసినందుకు బావమరిదికి బోనసు కూడా. చుట్టరికానికి ఇంగ్లీషు పేరు పెడితే ప్రతిభ అయిపోతుంది. మా పిల్లగాడికి ఆ మేడల్లో బావమరిది లేడు. ఆ మేడల్లో మనవాళ్లు ఉన్నదెక్కడ? భోజనం బల్లలు తుడిచేచోట, గేటు దగ్గర, పాయిఖానాల దగ్గర. అక్కడికి ఇంటర్వ్యూ లేదు, ఎన్ని ఎకరాలని అడగరు. అడగకుండానే తెలుసు.

పైమెట్లు ఎక్కిన మనవాళ్లు కొందరున్నారు. వాళ్లు ఇంటిపేరు కుదించుకుని, అంబేద్కర్ ఫొటో బీరువాలో పెట్టుకుని బతుకుతున్నారు. వాళ్లను నేను తప్పు పట్టను, క్రికెట్ అని చెప్పు అన్నవాణ్ణి నేను. సముద్రం దాటినా తప్పదు. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వమే సిస్కో కంపెనీ మీద కేసు వేసింది, దళిత ఇంజనీరును తోటి భారతీయ పైకులం మేనేజర్లు కులం పేరుతో వేధించారని. 2023లో ఆ ఇద్దరు మేనేజర్ల మీద కేసు ఎత్తేసి, కంపెనీ మీద మాత్రం కొనసాగించారు. అదే ఏడు సియాటిల్ నగరం కుల వివక్ష చెల్లదని నిబంధన చేసింది. కాలిఫోర్నియా శాసనసభ పాస్ చేసిన బిల్లును మాత్రం గవర్నరు తిప్పి కొట్టాడు. అక్కడ కులాన్ని చట్టంలో రాయాలా వద్దా అని కొట్లాట అయినా జరుగుతోంది. హైటెక్ సిటీలో ఆ కొట్లాట కూడా లేదు.

ఎకరాల ముచ్చట ఎత్తింది వాళ్లే కాబట్టి ఎకరాల లెక్క చూద్దాం. 2014 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం భూమి లేని దళిత కుటుంబానికి మూడెకరాలన్నది. మా పిల్లగాడి తండ్రి దరఖాస్తు పెట్టాడు. ఆ కాగితం ఇంకా వాళ్ల ఇంట్లో దూలానికి చెక్కి ఉంది, భూమి లేదు. 2025 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం విశాఖలో టీసీఎస్ కంపెనీకి 21.16 ఎకరాలు 99 పైసలకు ఇవ్వడానికి ఒప్పుకుంది. రూపాయికి ఒక పైసా చిల్లర! కంపెనీలు వస్తే కొలువులు వస్తాయని చెబుతారు. రానీ, మంచిదే. కానీ 99 పైసలకు భూమి ఇచ్చేటప్పుడు, రాయితీలు ఇచ్చేటప్పుడు అది ప్రజల ఆస్తి కాదా? అప్పుడు గుర్తుకు రాని 'ప్రైవేటు' అనే మాట, మా వాటా అడిగినప్పుడే గుర్తుకొస్తుందా?

ప్రైవేటు కొలువుల్లో రిజర్వేషను అంటే పరిశ్రమ కూలిపోతుందని 2004 నుంచి వింటున్నాం. ఆ ఏడు యూపీఏ ప్రభుత్వం తన కార్యక్రమంలో ఆ ముచ్చట రాసుకుంది. పరిశ్రమల సంఘాలు స్వచ్ఛందంగా చేస్తాం, చట్టం వద్దు అన్నాయి. ఆనాడు పుట్టిన పిల్లలు ఇవాళ డిగ్రీలు పట్టుకుని నిలబడ్డారు. స్వచ్ఛందం ఎక్కడిదాకా వచ్చిందో ఎవరూ చెప్పరు. మరోపక్క 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ప్రైవేటు పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకే అని చట్టమే చేసింది. ఊరి పేరు చెబితే చట్టం అవుతుంది, వాడ పేరు చెబితే ప్రతిభ చచ్చిపోతుంది!

మనలో మనకు ఒక మాట. మాలా మాదిగా వాటాల మీద ముప్పై ఏళ్లు కొట్లాడుకున్నాం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెయ్యొచ్చన్నది, 2025లో తెలంగాణలో చట్టమూ అమల్లోకొచ్చింది. న్యాయమే, నేను మొదటినుంచీ దాని పక్కనే ఉన్నాను. కానీ అన్నదమ్ముల్లా పంచుకుందామని కూర్చునేసరికి సర్కారు కుండలో మెతుకులు అడుగంటాయి. అన్నం ఆ అద్దాల మేడలోకి పోయింది. తెలంగాణలో ఐటీ కొలువులు తొమ్మిది లక్షలు దాటాయని 2023లో ప్రభుత్వమే చెప్పుకుంది. ఆ తొమ్మిది లక్షల్లో మనం ఎందరం? ఎవరూ లెక్క తీయలేదు. 2024లో రాష్ట్రంలో ఇంటింటికీ తిరిగి కులం రాసుకున్న ప్రభుత్వం మేడమేడకూ తిరిగి ఎందుకు రాసుకోదు? అమెరికాలో వంద మంది, అంతకు మించి పనిచేసే కంపెనీ తన దగ్గర ఏ జాతివాళ్లు ఏ హోదాలో ఎందరున్నారో ఏటేటా ప్రభుత్వానికి లెక్క చెప్పాలి. ఇక్కడ వ్యాపారం చేసే అమెరికా కంపెనీలు అక్కడ ఆ లెక్క నోరు మూసుకుని ఇస్తూనే ఉన్నాయి.

కాబట్టి రిజర్వేషను కొట్లాట కొట్లాట లాగే నడుస్తుంది. అది తెగేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం. భూమి, రాయితీ తీసుకున్న ప్రతి కంపెనీ ఏ రౌండుకు ఎందరు వచ్చారు, ఎందరు మిగిలారు అన్నది కులం వారీగా బయట పెట్టాలి. మొదటి రౌండులో వంద మందిలో పద్దెనిమిది మంది ఉండి ఆఖరి రౌండు తర్వాత ఇద్దరు మిగిలితే, ఆ ఆఖరి గదిలో ఏం జరిగిందో ఎవరికీ చెప్పక్కర్లేదు. అరవై త్రూఔట్ తీసెయ్యాలి. పని పరీక్ష పెట్టి పని చూసుకోండి, ఎవరొద్దన్నారు? తండ్రి, ఊరు, ఇంటిపేరు, ఫీజు అడగడం నేరం కావాలి. తప్పినవాడికి మార్కులు చూపించాలి. ఇవి ఏవీ విప్లవాలు కావు. డీఎస్సీ ఆఫీసు గోడ చేసిన పనే.

వామపక్ష మిత్రుడొకాయన ఇది చదివి, పెట్టుబడిదారీ కంపెనీలో చోటు కోసం ఇంత ఆరాటం ఎందుకు అన్నాడు. ఆయన కొడుకు బెంగుళూరులో అటువంటి కంపెనీలోనే ఉన్నాడు. నేను ఏమీ అనలేదు, చాయ్ తాగి వచ్చాను.

మా పిల్లగాడు ఇప్పుడు అమీర్‌పేట హాస్టల్లో నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటున్నాడు. సాయంత్రాలు బండి మీద అన్నం పొట్లాలు ఇళ్లకు చేరుస్తాడు. ఒక రాత్రి ఆ అద్దాల మేడకే పొట్లం తీసుకుపోయాడట, ఎనిమిదో అంతస్తుకే. లిఫ్టు దాకా రానివ్వలేదు, గేటు దగ్గరే పెట్టి పొమ్మన్నారు. వచ్చే నెలలో ఇంకో ఇంటర్వ్యూ ఉంది. ఫోన్ చేసి, 'ఈసారి హాబీ అడిగితే ఏం జెప్పాలె సార్?' అన్నాడు. నేను తొందరగా జవాబు చెప్పలేకపోయాను. వాడే అన్నాడు, 'డప్పే జెప్త సార్, మీరు పరేశాన్ గాకుండ్రి' అని.

చదువుకున్న పిల్లలకు, పిల్లల్ని చదివించిన తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఇంటర్వ్యూలో మిమ్మల్ని అడిగిన ప్రశ్నలు అడిగినవి అడిగినట్టు, ఏ రౌండులో, ఏ భాషలో అడిగారో కాగితం మీద రాసి ఈ పత్రిక చిరునామాకు పంపండి. మీ పేరు, కంపెనీ పేరు అచ్చు వేయం. కార్మిక శాఖకు ఒక కట్టగా ఇద్దామని మా జిల్లాలో కొందరం అనుకున్నాం. మొదటి కాగితం చేరింది. అందులో ఆరు ప్రశ్నలున్నాయి, ఐదోది ఎకరాల గురించి.